పాప పాటకి ఒక వేదిక

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. దాంతోపాటు పంపిన పాప రికార్డింగు కూడా విన్నాను, మళ్లీ మళ్లీ విన్నాను. చరణంలో పైస్థాయి 'స', అదే పైషడ్జమం అందుకుని అక్కడ నిలబడ్డ తీరు చూస్తే పన్నెండేళ్ల పిల్ల పాడుతోందని అనిపించలేదు. ఊపిరి చాలక రెండు మూడు చోట్ల రాగపు సంగతి తెగింది, అది వయసుతో సర్దుకుంటుంది. మా ఇంట్లో అందరికీ వినిపించాను. పిల్లకి దిష్టి తియ్యమని చెల్లెమ్మతో చెప్పు.

నువ్వడిగింది ఒకటే ముక్క. చూపు లేని పిల్లకి పాడుకునే అవకాశాలు ఎక్కడుంటాయి, అలాంటి పిల్లల కోసం పెట్టే ప్రోగ్రాములు, పోటీలు ఏమున్నాయి అని. ఉన్నాయి, అన్నీ రాస్తాను. అయితే ముందుగా నా మనసులో మాట చెప్పనీ. పాపకి మొదట కావాల్సింది ప్రోగ్రాము కాదురా, గురువు. ఆ తర్వాత, అందరు పిల్లలూ కూర్చునే వరసలో ఒక చోటు. ఈ రెండూ కుదిరాకే ప్రత్యేక వేదికలు పనికొస్తాయి. అవి కుదరకుండా ఊరికే వేదికలెక్కిస్తే శాలువాలు మిగులుతాయి, సంగీతం మిగలదు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ మధ్య ఒక ఊళ్లో డిసెంబరు 3 సభకి వెళ్లాను. ఐక్యరాజ్యసమితి 1992లో ఆ రోజుని ప్రపంచ వికలాంగుల దినోత్సవంగా ప్రకటించింది కదా, ఆనాటి నుంచీ ఏటా అన్ని ఊళ్లలోనూ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి నాట్యానికి తయారై వచ్చింది. పొద్దున్నే మేకప్ వేసి, జడ వేసి, కాళ్లకి బదులు ముంజేతులకి గజ్జెలు కట్టారు. వేదికకి మెట్లే ఉన్నాయి. నలుగురు మగవాళ్లు కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టారు. ఆ ఎత్తేటప్పుడు పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది, ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. తర్వాత వరసగా ఉపన్యాసాలు. ఆ పిల్ల ఒక పక్కన కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, ముద్రలు మెల్లగా వేసుకుంటూ అంశం మొత్తం లోలోపల రెండుసార్లైనా చేసుకుని ఉంటుంది. తీరా ఆ పిల్ల వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది, "ఒక్క పల్లవి చాలమ్మా" అన్నారు. చప్పట్లు మాత్రం హోరెత్తాయి. ఏం చేసిందో చూడకుండా కొట్టిన చప్పట్లవి. మన పాపకి అలాంటి చప్పట్లు వద్దురా.

ఇప్పుడు నీకొక సంగతి చెబుతాను, మన జిల్లాలోదే. విజయనగరం సంగీత కళాశాల ఎందుకు పుట్టిందో తెలుసా? మహారాజా విజయరామ గజపతిరాజు గారి కొలువులో చాగంటి జోగారావు గారని ఉండేవారు. ఆయన కొడుకు గంగబాబుకి చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచన దగ్గర మొదలై, 1919లో ఏకంగా ఒక పాఠశాలే వెలిసిందని చెబుతారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. తర్వాత ఘంటసాల అక్కడే చదువుకున్నారు, సుశీల గారూ అక్కడే. తెలుగువాళ్లు చెవులారా విన్న ఆ గొంతుల వెనక ఒక అంధబాలుడి కోసం తెరిచిన తలుపు ఉందన్నమాట. ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకా ఉంది. అక్కడే చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయిద్యం విని, నువ్వు విద్యార్థిగా ఉండాల్సినవాడివి కాదని చెప్పి దాసుగారు ఆయన్ని అధ్యాపకుడిగా పెట్టుకున్నారట. అప్పటికి నాయుడు గారికి ఇరవై ఆరేళ్లు. చిన్నప్పటి నుంచీ చూపు బాగా మందం. అన్నగారి దగ్గర ఫిడేలు పట్టుకున్నారు. 1936లో అదే కళాశాలకి ప్రిన్సిపాలయ్యారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ. కానీ ఆంధ్రదేశంలో ఎవరూ ఆయన్ని చూపు మందగించిన విద్వాంసుడని చెప్పుకోలేదు. ఫిడేలు నాయుడు గారు అన్నారు, అంతే. పాపకి ఈ కథ చెప్పు. వీలైతే ఆయన వాయించిన పాత రికార్డులు వినిపించు, కమాను లాగినప్పుడు నాదం ఎలా నిండుగా వస్తుందో ఆ చెవికి వెంటనే తెలుస్తుంది.

గదగ్ పేరు నువ్వు వినే ఉంటావు. విజయవాడ నుంచి హుబ్బళ్లి వెళ్లే రైలెక్కితే గుంతకల్లు, బళ్లారి, హోసపేట దాటాక వస్తుంది. అక్కడ వీరేశ్వర పుణ్యాశ్రమం ఉంది. పంచాక్షర గవాయి గారు పుట్టు అంధులు, కర్ణాటక, హిందుస్తానీ రెండు బాణీలూ వచ్చిన మనిషి. తనలాంటి పిల్లల్ని చేరదీసి, కూడూ గుడ్డా ఇచ్చి సంగీతం నేర్పారు. పిల్లల్ని పోషించడానికి నాటక కంపెనీ కూడా నడిపారు. 1944లో ఆయన పోయాక శిష్యుడు పుట్టరాజ గవాయి గారు ఆ భారం ఎత్తుకున్నారు. ఆయనకీ చూపు లేదు. ఎన్నో వాద్యాలు వాయించేవారు, నాటకాలు రాశారు, 2010లో పద్మభూషణ్ వచ్చింది, అదే ఏడాది సెప్టెంబరులో కన్నుమూశారు. అక్కడి నుంచి వందలమంది పిల్లలు విద్వాంసులై, సంగీతం మేష్టార్లై బయటికొచ్చారు. చూడు, అక్కడ గురువుకీ చూపు లేదు, శిష్యుడికీ లేదు. హార్మోనియం మీద పిల్లవాడి వేళ్ల మీద గురువు వేళ్లు పెట్టి నేర్పడమే పద్ధతి. మన తెలుగు రాష్ట్రాల్లో అలాంటి చోటు ఇంకా బలంగా నిలబడలేదే అన్నది నా బెంగ.

సరే, అవకాశాల సంగతికి వస్తాను.

అన్నిటికంటే ముందు సీసీఆర్‌టీ స్కాలర్‌షిప్పు. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేసే సంస్థ అది. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి సంగీతం, నాట్యం, నాటకం లాంటివి నేర్చుకోవడానికి ఇస్తారు. ఏటా ఇచ్చే 650 స్కాలర్‌షిప్పుల్లో 30 ప్రత్యేకంగా వైకల్యం ఉన్న పిల్లలకే. ఏడాదికి 3600 రూపాయలు, దాని మీద గురువుగారి ఫీజులో కొంత. డబ్బు పెద్దది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఒకసారి వస్తే ఏళ్ల తరబడి కొనసాగుతుంది, పైగా పిల్ల నేర్చుకుంటున్న గురువు ఎవరో, ఎంతవరకు వచ్చిందో లెక్క ఉంటుంది. పాపకి వయసు సరిగ్గా సరిపోయింది, రెండేళ్లు ఆగితే దాటిపోతుంది. వైకల్యం ఎంతో నిర్ధారించే సదరం సర్టిఫికెట్టు తీయించావా? యూడీఐడీ, అదే వైకల్య గుర్తింపు కార్డు వచ్చిందా? రాకపోతే ఈ నెలలోనే ఆ పని మీద ఉండు. ఏ దరఖాస్తుకైనా మొదట అడిగేది అదే.

తర్వాత రేడియో. ఇప్పటికి పిల్లల కార్యక్రమాల్లో పాడించు. పెద్దయ్యాక ఆకాశవాణి ఆడిషన్‌కి పంపు. అక్కడ విని మార్కులు వేసేవాళ్లకి పాడేదెవరో కనపడదు, గొంతు ఒక్కటే వినపడుతుంది. బి గ్రేడు వచ్చినా, బి హై వచ్చినా, ఎ వచ్చినా అది పాటకి వచ్చిన గ్రేడు. దాని మీద ఎవరి జాలీ ఉండదు. నా దృష్టిలో పాపకి రేడియోని మించిన న్యాయమైన పరీక్ష లేదు.

త్యాగరాజ ఆరాధన వదులుకోకు. పుష్య బహుళ పంచమి నాటికి మీ ఊళ్లోనూ ఎక్కడో ఒకచోట త్యాగరాజు గారి పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడే గోష్ఠి ఉంటుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగం, అయిదూ గురువుగారి దగ్గర ఇప్పటి నుంచే మొదలుపెట్టించు. ఆ గోష్ఠిలో పెద్ద విద్వాంసుల పక్కన నిన్నగాక మొన్న నేర్చుకున్న పిల్లలు కూర్చుంటారు. మన పాప కూడా అందులో కూర్చోవాలి. పక్కవాళ్ల తొడ మీద తాళం వినపడుతుంటే, వందమంది గొంతులో తన గొంతు కలిసిపోతుంటే ఆ పిల్లకి కలిగే ధైర్యం ఏ బహుమతితోనూ రాదు. కాస్త పాఠం గట్టిపడ్డాక తిరుమలలో నాద నీరాజనం వేదికకి ప్రయత్నిద్దాం.

ప్రత్యేకంగా పెట్టేవి కూడా కొన్ని మంచివే, అన్నిటినీ ఒకే గాటన కట్టను. దివ్య కళా మేళా అని 2022 డిసెంబరులో ఢిల్లీలో మొదలైంది, తర్వాత ఊరూరా తిరుగుతోంది. ముఖ్యంగా వైకల్యం ఉన్నవాళ్లు చేసిన వస్తువుల అమ్మకాల కోసం పెట్టింది, సాయంత్రాలు పాటా ఆటా ఉంటాయి. గోవాలో 2023 జనవరిలో పర్పుల్ ఫెస్ట్ అని పెట్టారు, పణజిలో. రకరకాల వైకల్యాలున్నవాళ్లు, కళాకారులు దేశం నలుమూలల నుంచీ అక్కడ కలుస్తారు. పాప కాస్త ఎదిగాక ఒకసారి తీసుకెళ్దాం, పాడటానికి కాకపోయినా తనలాంటి కళాకారుల్ని కలవడానికి.

నాట్యం సంగతి నువ్వు అడగలేదు గానీ మీ వీధి చివర వినపడని అబ్బాయి ఉన్నాడన్నావు కదా, వాళ్లమ్మకి చెప్పు. చైనాలో వికలాంగ కళాకారుల బృందం ఒకటి ఉంది. వెయ్యి చేతుల బోధిసత్వుడి నృత్యం చేస్తారు. ఇరవై ఒక్కమంది, అందరూ బధిరులే. ఒకరి వెనక ఒకరు నిలబడి చేతులు విప్పితే ఒకే విగ్రహానికి అన్ని చేతులు మొలిచినట్టుంటుంది. 2004లో ఏథెన్స్ పారాలింపిక్స్ ముగింపులో చేశారు. సంగీతం వినపడకుండా అంత లయ ఎలా అంటే, వేదిక నాలుగు మూలలా నలుగురు నిలబడి సైగలతో తాళం అందిస్తారు. నేను ఆ వీడియో చూసినప్పుడు ఆ నలుగురి గురించే ఎక్కువసేపు ఆలోచించాను. ఏర్పాటు సరిగ్గా చేస్తే లోటు అడ్డం రాదు. బెంగళూరులో రమణ మహర్షి అంధుల అకాడమీలో భరతనాట్యం చేత్తో తడిమి నేర్పుతారు. గురువు మోకాళ్లు వంచి అరమండిలో కూర్చుంటే పిల్ల ఆ మోకాళ్లు, నడుము, భుజాలు తడిమి తన ఒంటిని అలా మలుచుకుంటుంది.

నర్తకి సుధాచంద్రన్ కథ అందరూ చెబుతారు, నీకూ చెప్పే ఉంటారు. 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ కృత్రిమ కాలుతో మళ్లీ వేదికెక్కి, మన తెలుగులో 'మయూరి' సినిమాలో తన కథలో తానే నటించింది. ఆవిడంటే నాకు చాలా గౌరవం. కానీ ప్రతి పిల్లకీ ఆవిడని చూపించి నువ్వూ అలా కావాలి అనడం భారమవుతుందిరా. చూపున్న పిల్లలు ఎంతమంది మామూలుగా పాడుకుంటూ, మామూలుగా తప్పులు పాడుతూ పెరగడం లేదు? పాపకి కూడా మామూలుగా పాడే హక్కుంది.

వేదిక ఎక్కించేటప్పుడు నాకు తెలిసిన కిటుకులు కొన్ని రాస్తున్నాను. మా సంగీత సభలో చూపు లేని గాయకులు వచ్చినప్పుడు మేము చేసేవే ఇవి. కచేరీకి ఒక గంట ముందు పాపని ఖాళీ వేదిక మీద నడిపించు. మెట్లెన్ని, అక్కడి నుంచి చాపకి ఎన్ని అడుగులు, అంచు ఎక్కడ, అన్నీ తనే నడిచి తెలుసుకోవాలి. వేదిక అంచుకి కొంచెం ఇవతల మందపాటి తాడు పరిచి టేపు వేయించు, కాలికి తగులుతుంది. మైకు నోటికి ఎంత దూరంలో ఉందో చేత్తో ముట్టుకోనివ్వు, తర్వాత దాన్ని ఎవరూ కదపకూడదు. అన్నిటికంటే ముఖ్యం పక్కవాద్యాలతో ఒప్పందం. మామూలుగా గాయకులు మృదంగం వైపు ఒక చూపు చూస్తే చాలు, మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం ఎప్పుడో తెలిసిపోతుంది. పాపకి అది కుదరదు కాబట్టి మాటల్లోనే ముందు అనుకోవాలి. పల్లవి మళ్లీ రెండుసార్లు వస్తే తని అని, వయొలిన్ వాళ్లు చివరి స్వరం కాస్త గట్టిగా పలికిస్తే తన వంతని. అలవాటైతే రెండు కచేరీల్లో చూపు గుర్తే రాదు.

ఎవరైనా పిలిస్తే నువ్వు అడగాల్సినవి అడుగు, మొహమాటపడకు. ఎంతసేపు ఇస్తారు, ఉపన్యాసాలకి ముందా తర్వాతా, పక్కవాద్యాలు ఎవరు, మిగతా కళాకారులకిచ్చే పారితోషికం ఇస్తారా లేదా. ఇది మన గొంతెమ్మ కోరిక కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షనే ఉంది, వైకల్యం ఉన్న కళాకారులకి సదుపాయాలు, తోడ్పాటు ఇవ్వాలని, కళల కోర్సుల్ని వాళ్లు చేరగలిగేలా మార్చాలని. కాగితం మీద ఉన్నది మనలాంటివాళ్లు అడిగితేనే వేదిక దాకా వస్తుంది.

దసరా సెలవుల్లో పిల్లని తీసుకుని రండి. విజయనగరం వెళ్లి సంగీత కళాశాల చూపిద్దాం, అక్కడి మేష్టార్లతో ఓ పూట కూర్చుందాం. మా సభలో పిల్లల కచేరీల వరసలో పాపకి అరగంట పెట్టమని అడిగాను, ఒప్పుకున్నారు. మిగతా పిల్లల మధ్యలోనే, వాళ్లకిచ్చినంతే. మృదంగం, వయొలిన్ మేమే చూస్తాం. నాలుగు కీర్తనల పేర్లు గురువుగారిని అడిగి రాయి, అందులో ఒకటి నెమ్మదిగా సాగే విలంబంలో ఉండాలి. శ్రుతి అయిదా, అయిదున్నరా? రికార్డింగులో అయిదున్నర లాగే వినపడింది, కానీ పిల్ల గొంతు నువ్వే దగ్గరుండి వింటున్నావు కాబట్టి అడిగి ఖాయం చెయ్యి. చెల్లెమ్మని అడిగానని చెప్పు, మామయ్య ఎదురుచూస్తున్నాడని పాపకి చెప్పు.

ఇట్లు
నీ స్నేహితుడు