నీడిల్ జోలికి పోయే ముందు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి, మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఊరగాయల సంగతి మీ అమ్మ వేరే వ్రాస్తానంది కనుక నేను నేరుగా నీ రిమోటుతో నడిచే చిన్న ఇంజను ట్రక్కు సంగతికి వస్తున్నాను.

ఆదివారం నువ్వు ఫోనులో చెప్పినదాన్ని బట్టి, చిత్తూరులో మీ హాస్టలు వెనక మైదానంలో ట్రక్కు నిండు వేగంలో బాగానే పరుగెత్తుతోంది. ట్రిగ్గరు వదిలి, పది సెకన్లు నిలబెట్టి మళ్ళీ నొక్కితే మాత్రం గురగురమని, గుప్పున పొగ కక్కి ఆగిపోతోంది. పై నీడిల్, అంటే కార్బురేటరులో నిండు వేగానికి ఇంధనం ఎంత పోవాలో కొలిచే స్క్రూ, ఇంకో అర చుట్టు బిగిస్తే వేగమూ పెరుగుతుంది, ఆగడమూ మానుతుందని నీ స్నేహితులు సలహా ఇచ్చారన్నావు. ఆ పని మాత్రం చేయకు తల్లీ. ఫోనులో చెబితే సగం విని స్క్రూడ్రైవరు పట్టుకుంటావని తెలుసు కాబట్టే ఉత్తరం వ్రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్ళుగా షెడ్డులో కార్బురేటర్లు విప్పి బిగించినవాణ్ణి. 2020 ఏప్రిల్ 1న బళ్ళ పొగ కాలుష్యాన్ని కట్టడి చేసే బి.ఎస్. 6 నిబంధనలు అమలులోకి వచ్చాక కొత్త బళ్ళు దాదాపు అన్నీ ఇంజెక్షనుకు మారిపోయి, నా చెవికీ వేళ్ళకూ పని తగ్గింది. నీ ట్రక్కు ఇంటికి వచ్చిన రోజున ఆ విద్య మళ్ళీ అక్కరకు వచ్చిందని లోలోపల సంబరపడ్డాను కూడా. అయితే బండి కార్బురేటరు తెలిసినంత మాత్రాన ఇది తెలిసినట్టు కాదని తర్వాత బోధపడింది. బండికి ఎయిర్ స్క్రూ బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. దీనికి నీడిల్ బిగిస్తే ఇంధనం తగ్గి పలచబడుతుంది. మొదట్లో నా వేళ్ళు పాత అలవాటు కొద్దీ తప్పు దిక్కుకే తిరిగేవి.

అసలు తేడా ఇంకా లోపల ఉంది. ఈ ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్గు లేదు. ఉన్నది 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అమ్మకానికి తెచ్చిన గ్లో ప్లగ్గు. నువ్వు స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో దాని తీగ చుట్టను ఎర్రగా కాలుస్తావు. ఆ తర్వాత బ్యాటరీ తీసేసినా, ఆ తీగలోని ప్లాటినం, ఇంధనంలోని మెథనాలు కలిసి జరిగే చర్య వల్లా, మంట మిగిల్చిన వేడి వల్లా అది కాలుతూనే ఉంటుంది. అంటే ఎప్పుడు అంటుకోవాలో చెప్పే టైమింగు వేరే ఎక్కడా లేదు, మిశ్రమమూ వేడీ కలిసి అక్కడికక్కడ నిర్ణయించుకుంటాయి. నువ్వు నీడిల్ తిప్పినప్పుడు ఇంధనంతో పాటు టైమింగు కూడా తిప్పుతున్నట్టే లెక్క.

ఇక ఇంధనం సంగతి. నీ డబ్బాలో 20 శాతం నైట్రోమీథేను, కొంత నూనె, తక్కినదంతా మెథనాలు. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, మెథనాలుకు ఆరున్నర కిలోలు చాలు, ఆక్సిజను తనలోనే మోసుకొచ్చే నైట్రోమీథేనుకు రెండు కిలోలు కూడా అక్కర్లేదు. అందుకే ఇంత బుడత ఇంజను అంత ఇంధనం తాగుతుంది. ఈ ఇంజనుకు వేరే ఆయిల్ ట్యాంకు లేదు. పిస్టనుకూ, అది లోపల ఆడే గొట్టం లాంటి స్లీవుకూ మధ్య తడి అంటూ ఉంటే అది ఆ ఇంధనంలో కలిసి వచ్చిన నూనే. ఆవిరయ్యేటప్పుడు ఇంజను వేడిని లాక్కునేది ఆ మెథనాలే. నీడిల్ అర చుట్టు బిగించడమంటే మంటకు పెట్టే తిండితో పాటు నూనెనూ, చల్లదనాన్నీ కూడా ఒకేసారి కోసేయడం. నీ స్నేహితులకు వేగం కనిపిస్తుంది కానీ ఈ కోత కనిపించదు.

నాకూ కనిపించలేదు. నీ మొదటి ఇంజను పోయిన కథ నీకు పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు పదో తరగతి పరీక్షలు వ్రాసిన ఏడు, రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు దాన్ని ట్యూన్ చేశాను. ఎండ నలభై దాటింది. వేడికి గాలి పలచబడి ఇంజనుకు ఆక్సిజను తగ్గింది. అందువల్ల అది బరువుగా, మొద్దుగా నడుస్తుంటే, నేను నీడిల్‌ను గడియారం ముల్లు లెక్కన ఒక్కొక్క గంట (చుట్టులో పన్నెండో వంతు) చొప్పున బిగించుకుంటూ పోయి, ఈల వేసినట్టు పలికేదాకా తెచ్చాను. ఎంత బాగుందో చెప్పలేను. ఆ తర్వాత దాన్ని అటక మీద పెట్టి మరిచిపోయాం. మళ్ళీ దించింది ధనుర్మాసంలో, నువ్వు సెలవులకు ఇంట్లో ఉన్నప్పుడు. తెల్లవారుజామున పదిహేడో పద్దెనిమిదో డిగ్రీల చలి ఉంటుంది. మే నెల మధ్యాహ్నంతో పోలిస్తే అదే సిలిండరులో గాలి సుమారు 8 శాతం ఎక్కువ పడుతుంది, నీడిల్ మాత్రం మే నెల దగ్గరే ఆగి ఉంది. ట్రక్కు మైదానం రెండు చుట్లు కొట్టేసరికి పొగ మాయమైంది. నేను శుభ్రంగా మండుతోందని మురిసిపోయాను. మూడో చుట్టులో కీచుమని ఒక చప్పుడు, అంతే, పట్టేసింది. విప్పి చూస్తే ప్లగ్గు తీగ వంకరపోయి ఉంది, పిస్టను మీద గోటితో గీరినట్టు నిలువుగా గీతలు. నీతో ప్లగ్గు పోయిందని మాత్రం చెప్పి, ఇంజను మార్పించాను.

కాబట్టి ఇప్పుడు నీ ట్రక్కు దగ్గరకు. నీడిల్ ముట్టుకోకముందు గాలి ఎక్కడైనా దొంగతనంగా వస్తోందేమో చూడు. ఒకసారి పగలంతా ట్యూనింగుతో కుస్తీ పట్టి, సాయంత్రం చూసుకుంటే ఫ్లైవీలు రాసుకున్న చోట ఇంధనపు ట్యూబుకు సూదిమొన అంత చిల్లు పడి ఉంది. ట్యూబులో వరుసగా బుడగలు పోతూ కనిపిస్తే అదే. సైలెన్సరు నుంచి ట్యాంకుకు ఒత్తిడి తీసుకుపోయే ట్యూబు ఊడినా, కార్బురేటరు మెడ దగ్గర వదులైనా ఐడిల్, అంటే ట్రిగ్గరు వదిలినప్పుడు ఇంజను నెమ్మదిగా ఆడే వేగం, ఒక మాట మీద నిలవదు. ఫిల్టరు స్పాంజీ కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించు; మన సీమ ఎర్రదుమ్ము లోపలికి పోతే ఏ ట్యూనింగూ ఇంజనును కాపాడదు.

ఆ తర్వాత ఇంజను బాగా వేడెక్కేదాకా రెండు మూడు నిమిషాలు నడుపు, చల్లటి ఇంజను చెప్పే మాట నమ్మకు. ముందు పై నీడిల్‌తోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఐడిల్ దగ్గర ఇంధనం కొలిచే కింది నీడిల్‌కు చేరే ఇంధనం కూడా దాని గుండానే వస్తుంది. నిండు వేగంలో ట్రక్కును నీ ముందు నుంచి పోనిచ్చి వెనక చూడు. పలచని తెల్లటి పొగ చార ఒకటి కనిపించి తీరాలి. నీ మాట ప్రకారం నిండు వేగం బాగుంది, పొగ కూడా ఉంది కనుక దాన్ని అలాగే వదిలెయ్యి. ఎప్పుడైనా తిప్పవలసి వస్తే గడియారంలో ఒక గంట, అంటే చుట్టులో పన్నెండో వంతు మాత్రమే తిప్పి, రెండు చుట్లు నడిపి చూసి, ఆ తర్వాతే ఇంకో గంట సంగతి ఆలోచించు.

నీ ఇబ్బంది ఉన్నది కింది నీడిల్‌లో. ఐడిల్‌లో నిలబడ్డప్పుడు కావలసినదానికన్నా ఎక్కువ ఇంధనం వచ్చి కింద పేరుకుంటోంది. ట్రిగ్గరు నొక్కగానే అదంతా ఒక్కసారిగా మీదికి వచ్చి ఇంజనును ముంచేస్తోంది. పొగ కక్కకుండా టక్కున ఆగిపోతే అది పలచదనం, నీలా గురగురలాడి పొగతో ఆగితే చిక్కదనం. నిర్ధారించుకోవడానికి ఐడిల్‌లో ఉండగా కార్బురేటరు దగ్గర ట్యూబును రెండు వేళ్ళతో నొక్కి పట్టు. వేగం కొంచెం పెరిగి మూడు సెకన్లలోపు ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు. ఇంకా చాలాసేపు వేగం పెంచుకుంటూ పోతే చిక్కగా ఉన్నట్టు, నొక్కగానే చచ్చిపోతే పలచగా ఉన్నట్టు. నీది చాలాసేపు పోతుందనే నా అనుమానం. అప్పుడు కింది నీడిల్ ఒక గంట బిగించి, మళ్ళీ నొక్కి చూడు. అది కుదిరితే ఐడిల్ వేగం దానంతట అదే పెరుగుతుంది. దాన్ని చివర్లో ఐడిల్ స్క్రూతో దించు, ముందు కాదు.

వేడి చూసే తుపాకీ నీ దగ్గర లేదు కనుక హెడ్డు మీద ప్లగ్గు పక్కన ఒక నీటి చుక్క వెయ్యి. మూడు నాలుగు సెకన్లు ఉడికి ఆవిరైతే ఫరవాలేదు. పడీపడగానే చుయ్యిమని ఎగిరిపోతే వెంటనే ఆపి, పై నీడిల్ రెండు గంటలు వదులు చెయ్యి. అంకెల్లో చెప్పాలంటే 105 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే నేను కంగారు పడను.

వచ్చే నెల అందరూ హార్స్‌లీ హిల్స్ వెళ్దామనుకుంటున్నారట. అక్కడ 1,200 మీటర్లకు పైగా ఎత్తు, గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు ఏడో వంతు తక్కువ. ట్రక్కు అక్కడ మొద్దుగా నడిస్తే ఒకటి రెండు గంటలు బిగించవచ్చు. కానీ ఎన్ని గంటలు బిగించావో కాగితం మీద రాసుకుని, దిగి వచ్చాక తిరిగి వదులు చేశాకే స్టార్ట్ చెయ్యి. ఆ కాగితం ట్రక్కు బాడీ లోపల అంటించు, నీ జ్ఞాపకశక్తి మీద నాకు నమ్మకం లేదు.

నడిపిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీ చేసి, ట్యూబులో మిగిలినది అయిపోయేదాకా ఇంజను నడిపి, కార్బురేటరులోనూ ప్లగ్గు కంతలోనూ ఆఫ్టర్ రన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి తిప్పు; మెథనాలు గాలిలోని తేమను పీల్చి బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. ఇంధనపు డబ్బాను హాస్టలు గదిలో మంచం కింద పెట్టావని మీ అమ్మతో అన్నావట. అది విషం, పైగా దాని మంట పట్టపగలు కంటికి ఆనదు. ఈ రోజే వార్డెనుకు చెప్పి బయట నీడలో, తాళం వేసే చోట పెట్టించు.

ఈసారి ఫోను చేసేటప్పుడు మాటలతో వర్ణించకు. ఫోనును పది అడుగుల దూరంలో ఎవరి చేతికైనా ఇచ్చి, ముందు ఐడిల్‌లో ట్యూబు నొక్కిన చప్పుడు, తర్వాత ట్రక్కు నిండు వేగంలో పక్కనుంచి పోయే చప్పుడు రికార్డు చేసి పంపు. రాత్రి షెడ్డు మూసేశాక, రేణిగుంట రోడ్డు మీద లారీల హోరు తగ్గినప్పుడు వింటాను.

మీ నాన్న