పార్ట్స్ ఆఫ్ స్పీచ్ బట్టీ పట్టించొద్దు

సంపాదకులకు నమస్కారం.

నేను ఇంగ్లిష్ టీచర్‌ని. నౌన్ నుంచి ఇంటర్‌జెక్షన్ దాకా ఎనిమిది పార్ట్స్ ఆఫ్ స్పీచ్‌నూ (భాషాభాగాలనూ) గడగడా అప్పజెప్పే పిల్లలు, వాక్యంలో గుర్తుపట్టమంటే టెన్షన్ పడతారు. నిర్వచనాలు బట్టీ పట్టించడమే ఇందుకు కారణం. ఒక పదం ఏ భాషాభాగమో వాక్యంలో అది చేసే పనిని బట్టి తేలుతుంది. 'డ్రింక్ వాటర్'లో వాటర్ నౌన్. 'వాటర్ ది ప్లాంట్స్'లో అదే వెర్బ్. 'ఎ ఫాస్ట్ ట్రెయిన్'లో ఫాస్ట్ అడ్జెక్టివ్, 'షి రన్స్ ఫాస్ట్'లో అడ్వెర్బ్. చివర 'లీ' (-ly) ఉంటేనే అడ్వెర్బ్ అని నేర్పితే పిల్లలు ఇక్కడే తడబడతారు. చివర 'లీ' ఉన్నా 'ఫ్రెండ్లీ' అడ్జెక్టివే కదా!

ప్రిపొజిషన్ చెప్పేటప్పుడు మాత్రం తెలుగు సాయం తీసుకోవాలి. తెలుగులో 'టేబుల్ మీద' అని 'మీద' తర్వాత వస్తుంది. ఇంగ్లిష్‌లో 'ఆన్ ది టేబుల్' అని 'ఆన్' ముందొస్తుంది.

మీ విద్యా పేజీలో పట్టికలకు బదులు రోజుకో వాక్యం ఇచ్చి, అందులో ఒక్కో పదం ఏం పని చేస్తోందో పిల్లలను అడగండి.

– ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు