అవ్వ వృత్తి గడిలో ‘లేదు’ అని రాయించకండి

సంపాదకులకు నమస్కారం.

మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఒక పెద్ద అవ్వ కన్నుమూస్తే పేపర్లో వచ్చే నివాళిలో ఫొటో ఉంటుంది, వయసు ఉంటుంది, కొడుకుల పేర్లూ వాళ్ల ఉద్యోగాలూ ఉంటాయి. ఆమె ఏం పని చేసిందో మాత్రం ఒక్క ముక్క ఉండదు.

సర్కారు కాగితంలోనూ ఇంతే. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. అందుకు నింపే ఫారం 2లో, లెక్కల కోసం తీసుకునే భాగంలో, చనిపోయినవారి వృత్తి అడిగే గడి ఒకటుంది. వృత్తి లేకుంటే ‘లేదు’ అని రాయమంటుంది. తెల్లారకముందే కొంగు దోపి పేడ ఎత్తిన మనిషికి ఆ ‘లేదు’ రాయించే ఇళ్లున్నాయి. సర్టిఫికెట్‌లో ఆ వివరం రాదు కాబట్టి ఎవరి కంటా పడదు. సేద్యం, పాడి చేసినామెకు సేద్యం, పాడి అనే చెప్పండి. అది మనం ఆమెకు పడిన బాకీ.

ఆమె పనికి సాక్ష్యాలు ఇంట్లోనే దొరుకుతాయి. పట్టా పుస్తకం, పాలకేంద్రం కార్డు మగవాళ్ల పేరు మీద ఉండొచ్చు, అది చూసి పని కూడా వాళ్లదే అనుకోవద్దు. పొదుపు సంఘం పుస్తకం ఆమె పేరు మీదే ఉంటుంది. 2006లో మన జిల్లాలో మొదలైన ఉపాధి హామీ జాబ్‌కార్డులో ఆమె మట్టి మోసిన రోజుల లెక్క ఉంటుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటే, అది తేదీ తెలియక వేసింది కావచ్చు. పెద్దబిడ్డ స్కూలు సర్టిఫికెట్ పట్టుకుని ఆమె వయసును వెనక్కి లెక్క కట్టడం మేలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినాయి, కాబట్టి పుట్టినింటి ఊరి పక్కన మండలం కూడా రాయాలి. లేకుంటే ఆ తట్టు చుట్టాలు పోల్చుకోలేరు.

మిగతాది అడిగి రాసుకోవాలి. కొడుకులను అడిగితే ‘మాయమ్మ శానా కష్టపడింది’ అని ఆగిపోతారు. కోడళ్లను, ఆమెతో కూలికి పోయిన ఆడవాళ్లను అడగండి.

చెనిక్కాయ (వేరుశెనగ) విత్తనం సంగతే చూడండి. ఎకరాకు 50-60 కిలోల పప్పు కావాలి. మిషన్లో వేస్తే పైపొర లేస్తుంది, పప్పు బద్దలవుతుంది, మొలక దెబ్బతింటుంది. అందుకే చేత్తో వలిచేవాళ్లు. ముందే వలిచిపెట్టినా మొలక తగ్గుతుంది కాబట్టి, వాన జాడ చూసుకుని విత్తే ముందు వారం పది రోజుల్లోనే పని ముగించాలి. బొటనవేలి గోరు పక్కన చర్మం పగిలేది. ఆ వేలితోనే కారం నూరాలి. ముడతపడినవీ పొర చీలినవీ ఏరి ఊరిబిండికి (చెనిక్కాయ పచ్చడికి) పక్కనపెట్టేది. మళ్లీ నాగలి వెనక సాలులో ఒక్కో పప్పూ విడిచేదీ ఆమే.

పదిమంది ఇంట్లో సంగటి కెలకడమూ చిన్న పని కాదు. గ్లాసు నూకలకు ఆరు గ్లాసుల నీళ్లు, రెండు గ్లాసుల రాగిపిండి, ఆ లెక్కన పెద్ద కుండ. నూకలు మెత్తబడినాక పిండిని కుప్పగా పోసి, కట్టెతో నడిమధ్య చిల్లి చేసి, కదపకుండా సన్నసెగ మీద పది నిమిషాలు మగ్గనివ్వాలి. తొందరపడి తిప్పితే పొడిపిండి ఉండకట్టి, ముద్ద విరిస్తే పచ్చివాసన కొడుతుంది. తర్వాత కుండ దించి, గుడ్డతో కాళ్ల నడుమ బిగించి, రెండు చేతులా కట్టె పట్టి కెలకాలి. ఆ బలమంతా నడుముదే. అవ్వ నడుము వంగితే వయసు మీదపడిందంటారు గానీ, ఈ కుండను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే. నివాళి వివరాలు తీసుకునేటప్పుడు ‘ఆమె ఏం పని చేసేది?’ అని ఒక ప్రశ్న కలపండి. ఇంట్లోవాళ్లు పెద్దకర్మలోపు నాలుగు మాటలు రాసివ్వగలరు. ఇట్లా ఉన్నా చాలు: ‘ఫలానా ఊరి ఆడబిడ్డ, ఫలానా ఇంటి కోడలు. నలభై పంటకార్లు చెనిక్కాయ విత్తనం చేత్తో వలిచి విత్తింది. రెండావుల పాలు పిండి ముగ్గురు బిడ్డలను చదివించింది.’

ఇట్లు
ఒక పాఠకురాలు, పూతలపట్టు మండలం, చిత్తూరు జిల్లా