లైబ్రరీ శిక్షణకు వెళ్తున్న చిన్నికి

చిన్నీ,

లైబ్రరీ అసిస్టెంట్ శిక్షణ మొదలయ్యేలోపు ఇది నీకు అందాలని రాస్తున్నాను. సిద్ధాంతం తరగతిలో బాగానే చెబుతారు, చేతికి అలవాటు కావలసిన పనులు నేను చెబుతాను.

అన్నిటికంటే ముందు పుస్తకాలు సర్దడం నేర్చుకోమ్మా. అదేదో చిల్లర పని అని ఎవరన్నా పట్టించుకోకు. తప్పు అరలో చేరిన పుస్తకం పోయినట్టే. పైగా కంప్యూటర్ మాత్రం అది ఉందనే చూపిస్తుంది, అడిగినవాళ్ళు వెతికి వెతికి విసిగిపోతారు.

విషయాన్ని బట్టి పుస్తకాలకు సంఖ్యలిచ్చే పద్ధతుల్లో, 1876లో వచ్చిన డ్యూయీ దశాంశ వర్గీకరణే నీకు ఎక్కువగా ఎదురవుతుంది. దాన్నంతా బట్టీ పట్టనక్కర్లేదు, పది ప్రధాన వర్గాలు గుర్తుంటే చాలు. అందరూ పొరబడేది చుక్క తర్వాతే. కీటకాలు 595.7, సాలెపురుగులు 595.44. ఏడు కంటే నలభై నాలుగు పెద్దది కదా అని కొత్తవాళ్ళు సాలెపురుగుల్ని వెనక పెడతారు. చుక్క తర్వాత ఒక్కొక్క అంకెనే పోల్చాలి. ఏడు కంటే నాలుగు చిన్నది కాబట్టి 595.44 ముందు వస్తుంది. చుక్కే లేని 595 ఆ రెండిటికీ ముందు. తెలుగు కవిత్వం 894.8271, కథలూ నవలలూ 894.8273. చివరి అంకె చూడకపోతే నవల వెళ్ళి కవిత్వంలో కూర్చుంటుంది. సంఖ్య ఒకటే అయినప్పుడు దాని కింద ఉన్న రచయిత అక్షరాలు చూడు. చీటీల మీద ఇలాంటి సంఖ్యలు రాసి, కలిపేసి, మళ్ళీ వరుసలో పెట్టడం రోజూ సాధన చెయ్యి.

పుస్తకం తీసేటప్పుడు వెన్ను పైఅంచున వేలు పెట్టి లాగకు, మొదట చిరిగేది అక్కడే. అటూ ఇటూ ఉన్న పుస్తకాలను కాస్త లోపలికి నెట్టి, వెన్ను మధ్యలో పట్టుకుని తియ్యి. అర నిండా కుక్కేస్తే ఇలా తీయడం కుదరదు, అందుకే కొంత ఖాళీ వదలాలి. మరీ ఖాళీగా ఉంటే పుస్తకాలు ఒరిగి వెన్ను మెలిపడుతుంది, అవి ఒరగకుండా చివర నిలబెట్టే బుక్ ఎండ్ ఆనించు.

గట్టి అట్ట ఉన్న కొత్త పుస్తకాన్ని ఒక్కసారిగా మధ్యకు విప్పితే బైండింగ్ చిట్లుతుంది. వెన్నును బల్లకు ఆనించి, రెండు అట్టలూ దించి, ముందు నుంచి కొన్ని పేజీలు, వెనక నుంచి కొన్ని పేజీలు మెల్లగా అదుముతూ మధ్యకు రా. ఏ పేజీలైనా తప్పిపోయాయా, తలకిందులుగా కుట్టారా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. ఇదంతా లైబ్రరీ ముద్ర వెయ్యకముందే జరగాలి. ముద్ర పడ్డాక తిప్పి పంపడం కష్టం. ప్రవేశ సంఖ్య, అంటే లైబ్రరీలో చేరిన పుస్తకానికి రిజిస్టరులో ఇచ్చే సంఖ్య, ఒక్కో ప్రతికీ విడిగా ఇస్తారు. మూడు ప్రతులుంటే మూడు సంఖ్యలు. పుస్తకం పోయినా ఆ సంఖ్యను ఇంకోదానికి ఇవ్వరు.

చిరిగిన పేజీకి సెల్లో టేపు అస్సలు వద్దు. దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోతుంది. పల్చటి జపనీస్ టిష్యూ కాగితం, గోధుమపిండి జిగురు వాడాలి.

కౌంటర్‌లో తిరిగొచ్చిన పుస్తకాన్ని స్కాన్ చేశాకే బండి మీద పెట్టు. స్కాన్ కాకుండా అరకు చేరితే అది ఇంకా పాఠకుడి పేరునే ఉంటుంది, జరిమానా పెరుగుతూ పోతుంది. "నేను ఇచ్చేశానండీ" అని ఎవరన్నా అంటే వాదించకు, ముందు అర చూసి రా.

పాఠకుల సమయం ఆదా చెయ్యాలన్నది 1931లో మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. దీనికి సరైన ప్రశ్న వెయ్యడం రావాలి. "వైద్యం పుస్తకాలు ఎక్కడ?" అన్నవారికి చేత్తో దారి చూపించి వదిలెయ్యకు. "ఏ విషయం గురించి చూస్తున్నారండీ?" అని అడుగు. మధుమేహం గురించి అయితే 616.462. మధుమేహం ఉన్నవారికి వంట అయితే 641.5 దగ్గర చూడాలి, అది వేరే వరుస. పుస్తకం చూపించు గానీ వైద్య సలహా నువ్వు ఇవ్వకు. ఎవరు ఏం తీసుకెళ్ళారో మూడో మనిషికి చెప్పకు, అడిగింది వాళ్ళ ఇంటివాళ్ళే అయినా సరే.

వర్గీకరణ అభ్యాసాల్లో తేలనివి ఉంటే పుస్తకం పేరు, విషయసూచిక రాసి పంపు. కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
నాన్న