మౌల్వీ సుబేదార్ గారికి, మరికొందరికి కృతజ్ఞతలు

యుక్రెయిన్ సైన్యంలో వివిధ మతాల ధర్మగురువుల వ్యవస్థ ఏర్పడిన తీరుపై ఆరేళ్లుగా నేను రాస్తూ వచ్చిన సిద్ధాంత గ్రంథానికి నిన్న సాయంత్రం మౌఖిక పరీక్ష పూర్తయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. అలసట తీరేదాకా ఆగితే మాటలు చల్లబడతాయేమోనన్న భయంతో ఈ నాలుగు ముక్కలు ఇప్పుడే రాస్తున్నాను. మా ఆయన, అత్తమ్మ, తమ్ముడు ఇంటినీ పిల్లలనూ చూసుకున్నారు. ఆ సంగతి వారికీ నాకూ తెలుసు.

ఈ కృతజ్ఞత ప్రధానంగా ఒక పెద్దాయనకు చెందుతుంది. భారత సైన్యంలో మౌల్వీగా పనిచేసి, సుబేదార్ హోదాలో విరమణ పొంది, ప్రస్తుతం కాజీపేటలో ఉంటున్నారు. పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు.

ఆయన చేసిన సాయం అర్థం కావాలంటే నా పని ఎక్కడ ఆగిపోయిందో చెప్పాలి. 2014లో తూర్పు యుక్రెయిన్‌లోని దొన్బాస్‌లో యుద్ధం మొదలైనప్పుడు యుక్రెయిన్ మతాచార్యులు చాలామంది స్వచ్ఛందంగా కందకాల దాకా వెళ్లి సైనికుల మధ్య ఉన్నారు. వారి సేవకు పూర్తి చట్టబద్ధతనిచ్చే శాసనాన్ని ఆ దేశ పార్లమెంటు 2021 నవంబరు 30న ఆమోదించింది. అది అమలులోకి వచ్చింది మాత్రం 2022 జూలై 1న, అంటే రష్యా పూర్తిస్థాయి దాడికి దిగిన నాలుగు నెలల తరువాత, ఊళ్ల మీద క్షిపణులు పడుతున్న కాలంలో. ఆ చట్టం ప్రకారం ధర్మగురువు తన మతసంస్థ ఇచ్చే అధికారపత్రంతో సైన్యంలో చేరుతాడు, కానీ ఆయుధం పట్టడు. 1949 నాటి జెనీవా ఒప్పందాల ప్రకారం శత్రువుకు చిక్కినా అతణ్ణి యుద్ధఖైదీగా పరిగణించరాదు. ఆర్థడాక్స్, గ్రీకు కథోలిక, ప్రొటెస్టెంట్, ముస్లిం, యూదు సైనికులు ఒకే సైన్యంలో పోరాడుతున్న దేశంలో ఇవన్నీ కాగితం మీద నాకు స్పష్టంగానే ఉన్నాయి. అయితే, తన మతం కాని సైనికుడు చావుబతుకుల్లో ఉన్నప్పుడు పక్కన ఉన్న ధర్మగురువు నిజంగా చేయగలిగింది ఏమిటన్న ప్రశ్న దగ్గర నాలుగో అధ్యాయం ఏడాదిపాటు కదలలేదు.

అటువంటి సమయంలో, ఈ ఫిబ్రవరిలో, వరంగల్ కొత్తవాడలో యాభై ఏళ్లు జంపఖానాలు నేసిన మా నాన్నకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆస్పత్రిలో చేర్చాము. మూడో రాత్రి వరండాలో కూర్చుని అచ్చుప్రతులు దిద్దుతుంటే, పక్క మంచంలోని బంధువును చూడడానికి వచ్చిన ఈ పెద్దాయన కాగితం మీది శీర్షిక చదివి, "ఆ పని నేను చేసిన బిడ్డా" అన్నారు. పుణేలోని జాతీయ సమైక్యతా సంస్థలో హిందూ పండితుడు, సిక్కుల గ్రంథీ, క్రైస్తవ పాద్రీలతో కలిసి తాను శిక్షణ పొందిన సంగతి, అన్ని మతాలకూ ఒకే కప్పు కింద చోటుండే సర్వ ధర్మ స్థల్‌లో పండితుడు సెలవు మీద వెళ్లినప్పుడు హారతికి లోటు రాకుండా తానే ఒక జవానుకు ఆ పని అప్పగించి, పూర్తయ్యేదాకా అక్కడే నిలబడిన సంగతి చెప్పారు. నేను గబగబా రాసుకున్నాను.

ఆ అర్ధరాత్రి నాన్నకు భయం పట్టుకుంది. ఊపిరి అందక, నా చెయ్యి వదలకుండా, ఇల్లు చేరననే మాటే మళ్లీ మళ్లీ అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. సుబేదార్ గారు వచ్చి మంచం పక్కన కూర్చుని, ధైర్యం చెప్పలేదు, దువా చదవలేదు. "అన్నా, మీ పద్మశాలీలు కొలిచే మార్కండేయుని ముచ్చట నాకు సక్కగ తెల్వదు, జెర చెప్పుండ్రి" అని అడిగారు. నాన్న మొదట విసుక్కున్నారు. తరువాత, మాటమాటకూ ఆగుతూ, యముడు పాశం విసరడం, పదహారేళ్ల పిల్లవాడు శివలింగాన్ని కౌగిలించుకోవడం చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఎక్కడా తొందరపెట్టలేదు, "మల్ల?" అని మాత్రమే అంటూ విన్నారు. కథ పూర్తయ్యే సరికి నాన్న ఊపిరి నెమ్మదించింది. నేను వరండాలోకి వెళ్లి, కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నేను ఆరేళ్లుగా వెతుకుతున్నది నా కళ్ల ముందే జరిగింది. ఆయన ఆ తరువాత వరుసగా నాలుగు రాత్రులు వచ్చారు. తన బంధువును మేము కలిసిన రెండో రోజే ఇంటికి పంపేశారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సైనికుడి మనసును చూసుకోవడానికి ఒక మనిషిని నియమించాలని మన ప్రభుత్వానికి ఎప్పుడో తోచింది. వందలాది మంది ప్రాణభయంతో పడుకునే ఆస్పత్రి వార్డుకు అటువంటి మనిషి ఒకరు కావాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అక్కడ రోగి భయాన్ని వినడం ఎవరి ఉద్యోగమూ కాదు. ఇక నా విశ్వవిద్యాలయం సంగతి. ఎనిమిది నెలల పరిశోధక భృతి నేటికీ రాలేదు. పరిశీలన సమావేశం నాలుగుసార్లు వాయిదా పడింది. ఎక్కడో యుక్రెయిన్‌లోని పూజారుల గురించి వరంగల్‌లో రాయడం దేనికని ఒక అధికారి నా ముందే దస్త్రాన్ని పక్కకు నెట్టారు. ఆయనకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి వార్డులో చూసినది నాలుగో అధ్యాయంలో జవాబుగా ఉంది.

నాన్న ఇంటికి వచ్చారు, మగ్గం ఎక్కలేరు గాని కూర్చుంటున్నారు. తాను చివరగా నేసిన జంపఖానాను సుబేదార్ సాబ్‌కే ఇవ్వాలని పట్టుబట్టారు. ఆదివారం కాజీపేటకు వెళ్తున్నాము.

రాయడం ముగించాక గుర్తొచ్చిన వారు ఉన్నారు, క్షమించాలి. యుక్రెయిన్‌లోని విన్నిత్సియాలో వైద్యవిద్య చదువుతూ, 2022 మార్చిలో మన ప్రభుత్వం అక్కడి భారతీయులను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ విమానంలో తిరిగివచ్చిన తమ్ముడు ఆ చట్టం మూలపాఠాన్ని నా పక్కన కూర్చుని వాక్యం వాక్యం చదివి చెప్పాడు. అతని పేరు ముందే రావలసింది. అదాలత్ దగ్గరి జిరాక్స్ దుకాణం అన్న ఆఖరి రాత్రి పదకొండింటి దాకా షట్టరు దించలేదు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ఆయమ్మ, ఒక్క రోగికి ఒక్కరే తోడుండాలన్న నిబంధన తెలిసి కూడా, సుబేదార్ గారికి తన స్టూలు తెచ్చి వేసి వెళ్లింది.