‘అన్నీ పడతాయి’ అంటే నమ్మకండి, లెన్సు పట్టుకెళ్లండి

సంపాదకులకు నమస్కారం.

దసరా దగ్గర పడేసరికి మీ పత్రిక జిల్లా పేజీల్లో ‘పాత కెమెరా, లెన్సులు ఇచ్చేయండి, కొత్తది పట్టుకెళ్లండి’ అనే ప్రకటనలు మొదలవుతాయి. వాటి మీద నాకు కోపం లేదు. కానీ అవి చూసి మా విజయనగరంలో ఇద్దరు స్టూడియోవాళ్లు బంగారంలాంటి లెన్సుల్ని ఇంచుమించు తూకానికి ఇచ్చేశారు. అదేమంటే ‘కొత్త కెమెరాకి పాతవి పట్టవు కదా’ అన్నారు. పడతాయి. మధ్యలో అడాప్టర్, అంటే కెమెరాకీ లెన్సుకీ నడుమ బిగించే రింగు, ఉండాలంతే. అయితే అది చూసి కొనకపోతే ఏమవుతుందో నాకు జరిగింది చెబుతాను.

మూడు లాంతర్ల దగ్గర మా నాన్న పెట్టిన స్టూడియో మాది. ఆయన యాషికా కెమెరా, దాని 50 ఎంఎం లెన్సు ఇంకా బీరువాలో ఉన్నాయి. నేను పెళ్లిళ్లు తీసి కూడబెట్టి కొనుక్కున్నది నికాన్ 80-200 జూమ్ లెన్సు. కేజీంపావు పైనే బరువు. పదిహేనేళ్లు పైడితల్లమ్మ సిరిమాను, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే మా ఊరి జాతర, దాంతోనే తీశాను. కిందటేడు మా అబ్బాయి పోరు పడలేక నికాన్ జెడ్5 కొన్నాను. లెన్సు సంగతి ఒక షాపులో ఫోన్ చేసి అడిగితే, ‘ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ తీసుకోండి బాబూ, మీ దగ్గరున్నవన్నీ పడతాయి’ అన్నాడు. ఎఫ్‌టీజెడ్ అంటే పాత నికాన్ లెన్సుని జెడ్ కెమెరాకి తగిలించే నికాన్ వాళ్ల అడాప్టర్.

పార్సిల్ సరిగ్గా సిరిమానుకి ముందురోజు, తొలేళ్ల నాడు వచ్చింది. ఆ హడావుడిలో లెన్సు బిగించి చూశాను. టక్కుమని కూర్చుంది. ఇంకేం అని బ్యాగులో పెట్టేశాను. ఆ తప్పు నాదే. మర్నాడు కోటవైపు ఒక మేడ ఎక్కి నిలబడ్డాను. సిరిమాను వస్తోంది, మాను చివర పూజారిగారు, కింద జనం అరటిపళ్లు విసురుతున్నారు. బటన్ నొక్కితే లెన్సు కదల్లేదు. మళ్లీ నొక్కాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. చెమటలు పట్టేశాయి. చేత్తో ఫోకస్ తిప్పుతూ మొదటి తిరుగుడంతా తీస్తే ఒక్కటీ పనికిరాలేదు.

అదృష్టం ఏమిటంటే సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. రెండోసారికి ఫోకస్ పీకింగ్ పెట్టాను. ఫోకస్ పడ్డచోట అంచులు ఎర్రగా మెరుస్తాయి చూడండి, అది. బానే ఉంటుంది గానీ లెన్సు పూర్తిగా తెరిచి ఎఫ్ 2.8 దగ్గర పెడితే కాస్త అబద్ధాలాడుతుంది, ముక్కు మీద ఎరుపు చూపించి చెవికి ఫోకస్ పెడుతుంది. మూడోసారి మాను ఎక్కడినుంచి వెళ్తుందో చూసుకుని, అక్కడున్న కరెంటు స్తంభం మీద స్క్రీన్ పెద్దది చేసి ఫోకస్ కట్టి, కదపకుండా కాచుకున్నాను. నాలుగు ఫొటోలు దక్కాయి.

తర్వాత తెలిసిందేమిటంటే, నా 80-200లో ఆటోఫోకస్ మోటారే లేదు. పాత నికాన్లలో మోటారు కెమెరా బాడీలో ఉండేది. బాడీ నుంచి స్క్రూడ్రైవర్ మొనలాంటి చిన్న కడ్డీ ఒకటి లెన్సుని తిప్పేది. జెడ్ కెమెరాలో ఆ మోటారు లేదు, ఎఫ్‌టీజెడ్‌లోనూ లేదు, రెండో రకం ఎఫ్‌టీజెడ్‌లోనూ లేదు. నికాన్ సొంత లెన్సు మీద ‘ఏఎఫ్-ఎస్’ అనో ‘ఏఎఫ్-పీ’ అనో ఉంటే మోటారు లెన్సులోనే ఉన్నట్టు. ఒట్టి ‘ఏఎఫ్’ అని ఉంటే ఎఫ్‌టీజెడ్ మీద చేత్తో తిప్పుకోవలసిందే. కెనాన్ వాళ్లకి ఈ టెన్షన్ లేదు. 1987లో ఈఎఫ్ లెన్సులు మొదలైనప్పటి నుంచీ మోటారు లెన్సులోనే పెట్టారు. వాళ్ల కొత్త ఆర్ఎఫ్ కెమెరాకి కెనాన్ అడాప్టరే వేసుకుంటే ఆటోఫోకస్ మామూలుగా పనిచేస్తుంది.

షాపతనికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ‘మోటారు సంగతి మీరు అడగలేదు కదా బాబూ’ అన్నాడు. అడగాలని తెలిస్తే అడుగుదును.

శ్రీకాకుళంలో ఉండే మా తోడల్లుడిది ఇంకో కథ. ఆయనది సోనీ కెమెరా. నికాన్ ‘జీ’ లెన్సుకి చవగ్గా ఒక ఇనప రింగు కొన్నాడు. పట్టపగలు తీసినా చీకటే. ‘జీ’ లెన్సు మీద అపర్చర్ రింగు, అంటే వెలుతురు వచ్చే కంతని పెద్దదీ చిన్నదీ చేసే రింగు, ఉండదు. లోపలి రెక్కల్ని కెమెరా మీట కదిపితేనే అవి తెరుచుకుంటాయి, లేకపోతే సన్న కంత మాత్రం వదిలి దాదాపు మూసుకునే ఉంటాయి. అలాంటి లెన్సుకి, ఆ మీటని కదిపే రింగు తనమీదే ఉన్న అడాప్టర్ కావాలి. పైగా కరెంటు కాంటాక్టులు లేని రింగు పెడితే, మెనూలో ‘లెన్సు లేకపోయినా షట్టర్ పడాలి’ అన్న సెట్టింగు ఆన్ చేసేదాకా సోనీ కెమెరా క్లిక్కే అనదు. ఆయన కెమెరా చెడిపోయిందనుకుని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట.

మా నాన్న లెన్సుకి మాత్రం ఇనప రింగు చాలు. అలాంటి అడాప్టర్ అంటే అసలు ఖాళీ గొట్టమే, అందులో గాజు కటకం ఏదీ ఉండదు. యాషికాలో లెన్సు పట్టే చోటి నుంచి ఫిల్ముకి 45.5 మిల్లీమీటర్లు. జెడ్ కెమెరాలో సెన్సర్‌కి 16. తేడా 29.5. ఆ మందం గొట్టం పెడితే లెన్సు తన పాత దూరంలో తాను ఉన్నట్టే. మందం కొంచెం ఎక్కువైతే దూరపువి ఫోకస్ కావు. నేను కొన్న మొదటి రింగు అలాగే వచ్చింది. రాత్రి మేడెక్కి దూరంగా సెల్ టవర్ ఎర్రదీపం చూస్తే, లెన్సు చివరిదాకా తిప్పినా ఉబ్బిపోయి కనబడింది. వెనక్కి పంపేశాను. రెండోది కుదిరింది. దాంతో మా మనవరాలిని తీసిన ఫొటో చూసి మా అబ్బాయే ‘ఇది ఏ లెన్సు నాన్నా?’ అని అడిగాడు.

ఇక నా మనవి. ఎక్స్ఛేంజ్ ప్రకటనలిచ్చే షాపులు కొత్త కెమెరాతో పాటు అడాప్టర్లు కూడా బల్ల మీద పెట్టి, వచ్చినవాడి లెన్సు బిగించి రెండు ఫొటోలు తీసుకోనివ్వాలి. సాలూరు నుంచో బొబ్బిలి నుంచో బస్సెక్కి వచ్చే కుర్రాడికి ఆ పది నిమిషాలు ఇస్తే షాపుకి పోయేదేమీ లేదు. మీరు కూడా టెక్నాలజీ పేజీలో ఏ లెన్సుకి ఏ కెమెరా మీద ఆటోఫోకస్ వస్తుంది, దేనికి రాదు అని తెలుగులో ఒక పట్టిక వేయండి. సిరిమానుకి పదిరోజుల ముందు వేస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
విజయనగరం.