రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వారికి: కుక్కపిల్లల్ని అమ్మేముందు తల్లీతండ్రి కుక్కల కళ్ల జబ్బు టెస్ట్ రిపోర్ట్ అడగండి

సార్, నమస్తే.

మా లాబ్రడార్ బబ్లూగాడికి ఐదేళ్లు. పోయిన ఏడాది నుంచి రాత్రిపూట మేడ మెట్లు దిగనని మొండికేస్తుంటే బద్ధకం అనుకుని తిట్టాం కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. డాక్టర్ గారు చూసి పీఆర్ఏ అన్నారు, అంటే రెటీనా మెల్లమెల్లగా పాడైపోవడం, ముందు చీకట్లో చూపు పోతుంది తర్వాత పగలు కూడా పోతుంది, నయం చేసే మందు లేదు.

ఇది వంశపారంపర్యం సార్. లాబ్రడార్, కాకర్ స్పానియల్, పూడుల్ లాంటి వాటిలో ఎక్కువగా కనిపించే రకానికి కారణమైన జీన్ 2006లోనే దొరికింది, చెంప లోపల స్వాబ్ తిప్పి పంపితే డీఎన్ఏ టెస్ట్‌లో తెలిసిపోతుంది. తల్లీతండ్రీ రెండూ క్యారియర్లయితే, అంటే లోపమున్న ఆ జీన్ ఒక్క కాపీ మాత్రమే మోస్తుంటే, వాటికి ఏమీ కాదు, చూపు బాగానే ఉంటుంది, కానీ పుట్టే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. క్యారియర్‌ని ఆ లోపం అసలు లేని క్లియర్ కుక్కతో కలిపితే ఏ పిల్లకీ గుడ్డితనం రాదు, అంటే ఆ కుక్కని పక్కన పెట్టేయక్కర్లేదు కూడా.

మాకు అమ్మినాయన మాత్రం "ఛాంపియన్ లైన్ సార్" అన్నాడు, అంతే.

2017 బ్రీడింగ్ రూల్స్‌లో రిజిస్ట్రేషన్ ఉంది, మైక్రోచిప్ ఉంది, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదనీ ఉంది. మీరు రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడు ఈ టెస్ట్ రిపోర్ట్ కూడా అడగండి, కొనేవాళ్లకి ఒక కాపీ ఇవ్వమనండి.

బబ్లూ కోసం మేం సోఫా జరపడం మానేశాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక కుక్క ఓనర్